ఎమ్మెల్యేను ఏమడగాలి?

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి ప్రసంగ పాఠం)



స్థానిక సమస్యలు, ప్రభుత్వ విధానాలు, వాటిపై శాసనసభ్యుని అభిప్రాయం అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని సంఘం వాళ్లు నాకు చెప్పారు. నేను ఏ పార్టీ మనిషినీ కాను. ముప్పయ్యేళ్లు సర్కారు ఆఫీసుల్లో ఫైళ్లు మోసి రిటైరైన గుమస్తాను. నాకు తెలిసింది ఒక్కటే, అదీ ఈ బడిలో నేర్చుకున్నదే.

మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు సోషల్ సార్ ఒకరోజు మా క్లాసునే శాసనసభ చేశారు. స్పీకరు ఆయనే. నన్ను మంత్రిని చేశారు. చివరి బెంచీ సోపతిగాడు ఒకడు లేచి, "అధ్యక్షా, మా బడికి తాగునీళ్లు ఎప్పుడొస్తాయి?" అని అడిగాడు. "పరిశీలిస్తున్నాం అధ్యక్షా" అన్నాను నేను. క్లాసంతా నవ్వింది. సార్ మాత్రం నవ్వలేదు. "అది జవాబు కాదురా. ఎవరు చేస్తారు, ఎంత ఖర్చు, ఎప్పటిలోగా, ఈ మూడూ చెబితేనే జవాబు" అన్నారు. తర్వాత ప్రశ్న అడిగినవాడి వైపు తిరిగి, "ఆ మూడూ నువ్వు అడగలేదు గనకే వాడు తప్పించుకున్నాడు" అన్నారు.

ఆ మాట నాకు ఉద్యోగంలో ప్రతిరోజూ పనికొచ్చింది. ఇప్పుడు ఓటరుగా పనికొస్తున్నది.

మన జహీరాబాద్‌కు శాసనసభలో పెద్ద పేరే ఉంది. మల్చెల్మలో పుట్టిన ఎం. బాగారెడ్డి గారు 1957 నుంచి వరుసగా ఏడుసార్లు ఇక్కడి నుంచి గెలిచారు. రాష్ట్ర మంత్రిగా పనిచేశారు. 1985 తర్వాత, ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్న సభలో ప్రతిపక్ష నాయకుడిగా కూర్చున్నారు. 1989లో మెదక్ ఎంపీగా ఢిల్లీకి వెళ్లారు. 2009 నుంచి మనది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఎవరు గెలిచినా మనం మాత్రం ఒకే తీరుగా ఉన్నాం. పెళ్లికి పిలుస్తాం, రిబ్బను కత్తిరించడానికి పిలుస్తాం, చావుకు వస్తే సంతోషిస్తాం. సభలో ఏం మాట్లాడారని అడగం. తప్పు వారి ఒక్కరిదే కాదు.

మన దగ్గర అడగవలసినవి లేకనా? మూడు చెబుతాను.

మొదటిది భూమి. నిమ్జ్ పేరుతో న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాల్లో పారిశ్రామిక ప్రాంతం అన్నారు. భూములు కొనడానికి 2015లో ప్రభుత్వం జీవో 123 ఇచ్చింది. రైతు ఇష్టపడి అమ్ముకుంటే డబ్బు ఇస్తారు. మరి ఆ చేలల్లో కలుపు తీసి, అల్లం తవ్వి బతికే కూలీ ఏం అమ్ముకోవాలి? ఈ ప్రశ్న పట్టుకుని మన ప్రాంతపు వ్యవసాయ కూలీలే హైకోర్టుకు వెళ్లారు. 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది, భూమిలేనివారికీ పునరావాసం చూపుతూ ఉత్తర్వులు ఇవ్వవలసి వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో 2013 భూసేకరణ చట్టానికి శాసనసభ సవరణ బిల్లును ఆమోదించింది.

ఇది చదివినప్పుడు మా సార్ చెప్పిన మూడు ప్రశ్నలకు నాలుగోది కలిపి రాసుకున్నాను: ఈ లెక్కలోకి రాని మనిషి ఎవరు? చదువుకున్న మనకు తట్టని ప్రశ్న కూలీలకు తట్టింది. ఎందుకంటే లెక్కలోకి రానిది వాళ్లే.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ కూడా ఉంది. పరిశ్రమ రావద్దని నేననను. మన పిల్లలు ఉద్యోగానికి పటాన్‌చెరు బస్సెక్కకుండా ఇంటి నుంచే పనికి పోతే ఎవరికి చేదు? కానీ ఎంతమంది స్థానికులకు, ఏ చదువుకు, ఏ సంవత్సరంలో అన్నది ఎమ్మెల్యే సభలో అడిగి జవాబు రాతలో తేవాలి. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలూ వేయవచ్చు. గుర్తు లేనిదానికి రాతపూర్వకంగా జవాబు వస్తుంది. ఈ హక్కు మనం ఓటేసి ఇచ్చిందే.

రెండోది చెరుకు. గిట్టుబాటు ధర రాలేదని ఎమ్మెల్యేను తిడతాం. ఎఫ్‌ఆర్‌పీ ధర నిర్ణయించేది కేంద్రం. అయితే 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరుకు అందిన 14 రోజుల్లో మిల్లు డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. దాన్ని అమలు చేయించవలసింది రాష్ట్రంలోని చెరుకు కమిషనర్. కనుక ధర గురించి ఎంపీని, బకాయి గురించి ఎమ్మెల్యేను అడగాలి. మా నాయన ఒక మిల్లు చుట్టూ రెండు సీజన్లు తిరిగాడు. అసలు వచ్చింది. వడ్డీ అనేది ఒకటి ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చదువుకున్న కొడుకును, నేనూ చెప్పలేదు. నాకు తెలియదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

మూడోది మన గడప ముందరి సంగతి. చిరాగ్‌పల్లి అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది చెక్‌పోస్టు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల పని ముగిసింది. 2025 అక్టోబరులో రవాణా శాఖ చెక్‌పోస్టులనూ రాష్ట్రమంతటా ఎత్తేశారు. మంచి నిర్ణయం. డ్రైవర్లకు నిరీక్షణ తప్పింది. కానీ లారీ ఆగితేనే గల్లా నిండే చాయ్ హోటలు, పంక్చర్ దుకాణం, రోడ్డు పక్క జామకాయలమ్మే అవ్వ ఏమయ్యారు? ఇక్కడా అదే నాలుగో ప్రశ్న. హైవే పక్కన వాళ్లకు నిలబడే చోటు, ఒక చిన్న అంగడి జాగా అడగడం పెద్ద కోరిక కాదు.

ఇక మన బడి. సరిహద్దు ఊళ్ల పిల్లలు ఇంట్లో కన్నడమో, ఉర్దూనో, లంబాడీ భాషో మాట్లాడి మన బడికొచ్చి తెలుగులో అక్షరాలు దిద్దుతారు. సార్లు బదిలీ అయితే ఆ సబ్జెక్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉంటుందో ఈ వేదిక మీదున్న గురువులకు నేను చెప్పనక్కర్లేదు. మనం చదువుకున్న రోజుల్లో గోడలు లేకున్నా సార్లున్నారు. ఇప్పుడు గోడలకు రంగులేస్తే సరిపోదు.

అందుకని సంఘానికి నా విన్నపం ఒక్కటే. ఈ స్వర్ణోత్సవం గుర్తుగా ఒక్క పేజీ కాగితం రాద్దాం. భూమి, చెరుకు, రోడ్డు, బడి. ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు: ఎవరు, ఎంత, ఎప్పుడు, ఎవరు మిగిలిపోయారు. ఇప్పుడున్న ఎమ్మెల్యేకు ఇద్దాం, రేపు వచ్చేవారికీ ఇద్దాం. వచ్చిన జవాబును బడి నోటీసు బోర్డు మీద అంటిద్దాం. జవాబు రాకపోతే ఆ చోటు ఖాళీగానే ఉంచుదాం, తొమ్మిదో తరగతి పిల్లలు చూస్తారు.

ఆనాడు నన్ను ప్రశ్న అడిగిన సోపతిగాడు ఈ సభలోనే మూడో వరసలో కూర్చున్నాడు. వాడికి నేనింకా జవాబు బాకీ ఉన్నాను.