తానే నడచు యంత్రమును కనిపెట్టి యుండుట
(పులికాట్ ప్రాంత రైతుల సమావేశమున చేసిన ప్రసంగము)



పులికాట్ సరస్సు పడమటి ఒడ్డున, సూళ్లూరుపేట, తడ ప్రాంతములలో బోరు మోటారుకు ఆటో స్టార్టరు బిగించుట సామాన్యమైనది. సెల్‌ఫోనుతో నడచు స్టార్టరులును వచ్చినవి. హద్దులు గుర్తించి యిచ్చినచో డ్రోను తానే పొలమంతయు తిరిగి మందు చల్లి వచ్చును. వీనివలన మన చేతిపని తగ్గినది. కాని చూచుపని తగ్గలేదు. వేరొక పని చేసికొనుచు ఈ యంత్రములను ఎట్లు కనిపెట్టి యుండవలెనో నేడు మనవి చేసెదను.

మొదట మన చూపు సంగతి తెలిసికొనవలెను. 1948లో నార్మన్ మాక్‌వర్త్ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులో చేసిన పరీక్షలను ప్రకటించెను. గడియారపు ముల్లు వంటి సూదిని రెండు గంటలు చూచుచు, అది ఎప్పుడైన రెట్టింపు గెంతు వేసినచో చెప్పవలెను. అరగంట గడచునప్పటికే చూచువారు గుర్తింపలేక పోవుట హెచ్చినది. వారు సోమరులు కారు. మనుష్యుని చూపు స్వభావమే అట్టిది. ఇక, వంగి కలుపు తీయుచు ఒక కంట మోటారును చూచెదననుట జరుగని మాట.

కావున యంత్రములను రెండు తెగలుగా విడదీయవలెను.

మొదటిది, ఒక్క క్షణము విడువరాని యంత్రము. డ్రోను ఇట్టిది. గాలి మరలినచో మందు తుంపర ప్రక్కనున్న రొయ్యల చెరువులో పడవచ్చును. పురుగును చంపు మందులలో అనేకము రొయ్యను కూడ చంపును. 2021 డ్రోను నియమముల ప్రకారము సర్టిఫికెట్ గల పైలట్ చేతనే దీనిని నడిపింపవలెను. శ్రీహరికోట సమీపముననే యున్నది గనుక, ఎగురవేయుటకు అనుమతి గలదో లేదో డిజిటల్ స్కై పటములో ముందుగా చూచుకొనవలెను. డ్రోను గాలిలో నున్నంతసేపు పైలట్‌కు వేరు పని చెప్పరాదు.

రెండవది, గడువు పెట్టి విడువదగిన యంత్రము. మోటారు ఇట్టిది. దీనికి ఈ పద్ధతులు పాటింపుడు.

1. బోరులో నీరు తగ్గినను, ఒక ఫేజు పోయినను మోటారు తానే ఆగునట్లు రక్షణ పరికరములు బిగింపుడు. అవి పని చేయుచున్నవో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయింపుడు.

2. తడికి ఎన్ని గంటలు కావలెనో అన్ని గంటలకే టైమరు పెట్టుడు. సరస్సు దాపున బోరును అతిగా తోడినచో ఉప్పునీరు బోరువైపు చొచ్చుకొని వచ్చును. నేల లవణత మీటరుకు 3 డెసి సైమన్లు దాటినచో వరి దిగుబడి తగ్గ నారంభించును. నారు దశలోను, పూత దశలోను నష్టము హెచ్చు. నీరు ఉప్పనైనదని ఆటో స్టార్టరుకు తెలియదు. అప్పుడప్పుడు నీటిని పరీక్షకు పంపుడు. ఉప్పు పెరుగుచున్నచో తోడుట తగ్గింపుడు.

3. పని నడుమ కాక, పనికి పనికి మధ్య చూడుడు. ఒక మడి కలుపు ముగియగానే లేచి పోయి, పైపు నీరును, గట్టును, మోటారు చప్పుడును గమనింపుడు. పైపు ఊడి నీరు డొంకలో పారుచున్నను, మోటారు నడచుచున్నదనియే ఫోను చెప్పును. మడిలోనికి నీరు చేరినదో లేదో కంటితోనే చూడవలెను.

4. ఊరికి పోవలసినచో ఒక్కరికే అప్పగింపుడు. ఏది నడచుచున్నది, ఎప్పుడు ఆపవలెను, తేడా వచ్చిన ఏమి చేయవలెనన్నది నోటితో చెప్పి, వారిచేత తిరిగి చెప్పించుకొనుడు. ఇద్దరికి చెప్పినచో ఒకరు చూతురులే యని ఇరువురును ఊరకుందురు.

5. ఇది అన్నిటికంటె ముఖ్యము. కరెంటు పోయినదని మోటారుమీద చేయి వేయకుడు. కరెంటు రాగానే ఆటో స్టార్టరు దానిని తిప్పును. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసికొని, పిమ్మటనే తాకుడు. అట్లు చేసినను, తీగల పనిని తెలిసినవారిచేతనే చేయింపుడు.

సోదరులారా! కాలిన మోటారును మరల చుట్టించుకొనవచ్చును. ఉప్పెక్కిన బోరు బాగుపడుటకు ఏండ్లు పట్టును. పోయిన ప్రాణము తిరిగి రాదు. ఇంటికి పోయిన వెంటనే మీ స్టార్టరు వద్ద ఈ అయిదు పద్ధతులను వ్రాసి అంటింపుడు. ఇంటిల్లిపాదికి చదివి వినిపింపుడు.