లాగ్ బుక్కును వండకండి

నన్ను పరిచయం చేసినవారు చెప్పినదాంట్లో సగం కొట్టేసి మిగతా సగం నమ్మండి. పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ శుభాకాంక్షలు. మర్యాదలు ఇంతటితో అయిపోయాయి. ఈ నల్లగౌన్ల లోపల ఎంత ఉక్కగా ఉంటుందో నాకు తెలుసు.

ఇలాంటి సభల్లో ఈ మధ్య కృత్రిమ మేధ గురించీ, 2047 నాటి భారతదేశం గురించీ చెప్పడం ఆనవాయితీ అయింది. నాకు వచ్చే వారం సముద్రం ఎలా ఉంటుందో కూడా గట్టిగా తెలియదు. నాకు తెలిసినవల్లా ఓడలు. అందుకని ఓ ఓడ మనిషి గురించి, ఆయన రాసిపెట్టుకున్న కాగితాల గురించి మాట్లాడతాను. మధ్యలో నా సొంత గొడవ ఒకటి దూరుతుంది. పెద్దవాణ్ణి, భరించండి.

ఆయన పేరు ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్. నాటికల్ సైన్స్ పిల్లలు నవ్వుతున్నారు. రెండు మార్కుల ప్రశ్న కదా! ఆయన స్కేలును బట్టీపట్టి, రాసి, మర్నాడే మర్చిపోయారు. ఆ స్కేలు వెనకాల ఒక మనిషి ఉన్నాడని మీకెవరూ చెప్పలేదు. మాకూ చెప్పలేదు లెండి.

1774లో ఐర్లండ్‌లోని నావన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. ఐర్లండ్ దేశపటం గీసి అచ్చువేసినంత చదువరి, అప్పులు చేయడంలో అంతకన్నా ఘనుడు. కొడుకు పధ్నాలుగో ఏట ఈస్టిండియా కంపెనీ వారి వాన్సిటార్ట్ అనే ఓడ ఎక్కాడు. 1789లో సుమత్రా పక్క గాస్పర్ జలసంధిలో లోతులు కొలవబోయి ఆ ఓడ రాళ్లకు తగిలి పోయింది. అంటే కుర్రాడి మొదటి ఓడ, మొదటి ప్రయాణం అలా ముగిశాయి. తర్వాత బ్రిటిష్ నేవీలో చేరాడు. 1791లో పోర్ట్స్‌మత్ రేవులో నీళ్లలో పడి దాదాపు చచ్చి బతికాడు, ఈత రాదు. మునిగిపోతున్న ఆ కాసేపట్లో తన బతుకంతా వెనక నుంచి ముందుకు ఎలా కళ్లముందు తిరిగిందో ఎన్నో ఏళ్ల తర్వాత ఒక శాస్త్రజ్ఞుడైన మిత్రుడికి ఉత్తరంగా రాశాడు. పోయే ప్రాణాన్ని కూడా వరస తప్పకుండా నమోదు చేసుకున్న రకం. ఇక 1800లో స్పెయిన్ తీరాన పడవల మీద వెళ్లి శత్రువు ఓడను పట్టుకునే దాడిలో ఒళ్లంతా తూట్లు పడ్డాయి. లెక్కపెడితే 19 గాయాలు.

కోలుకున్నాక కొన్నేళ్లు ఇంటిపట్టునే ఉన్నాడు. 1805లో ఎట్టకేలకు ఓడ ఇచ్చారు. ట్రఫాల్గర్ యుద్ధం జరిగిన ఏడాది అది. తోటివాళ్లంతా ఫిరంగుల ఓడలు ఎక్కి పేరుకోసం పరుగెడుతుంటే మనవాడికి దక్కింది వూల్విచ్ అనే పాత ఓడ, సరుకులు మోసేది. ప్లేస్‌మెంట్‌లో మంచి కంపెనీ రాలేదని నిన్న హాస్టల్లో ముఖం వేలాడేసుకున్న వాళ్లున్నారట, వార్డెన్‌గారు చెప్పారు. ఆ ముఖాలు కాస్త ఇటు తిప్పండి. ఎందుకంటే బ్యూఫోర్ట్ పేరు ఇవాళ్టికీ నిలబడింది ఆ సరుకుల ఓడ మీద ఉండగా చేసిన పనివల్లే.

1806 జనవరి 13న ఆయన తన సొంత డైరీలో ఒక నిర్ణయం రాసుకున్నాడు. 'ఓ మోస్తరు గాలి', 'మబ్బు' లాంటి పాత మాటలవల్ల ఎవరికీ ఏమీ తెలియడం లేదు, ఇకమీదట గాలిని అంకెల్లో రాస్తాను అని. సున్నా నుంచి 13 దాకా వేసుకున్నాడు, తర్వాత 12కు కుదించాడు. అంకెలు ఎవరైనా వేస్తారు. గొప్పంతా ఆ అంకెను దేనికి కట్టాడన్నదాంట్లో ఉంది. గాలి తన చెవికి ఎలా వినబడింది, తన ఒంటికి ఎలా తగిలింది అని రాయలేదు. ఓడను ఏం చేసిందో రాశాడు. చుక్కాని మాట వినేంత కదలిక ఉంటే చాలు, అది 1. తెరచాపలన్నీ విప్పుకున్న యుద్ధనౌక నున్నటి నీటి మీద ఐదారు నాట్ల వేగంతో నడిస్తే 4. ఆ పైన గాలి పెరిగేకొద్దీ ఏయే చాప దించాలి, ఏది ముడవాలి అన్నదే కొలత. ఏ చాపా నిలవని గాలి అయితే 12. కెప్టెన్ పిరికివాడైనా, కొమ్ములు తిరిగినవాడైనా అంకె మారదు. పక్క ఓడవాడూ అదే అంకె వేస్తాడు.

దీన్ని ఆయన ఊరికే గాలిలోంచి పుట్టించలేదు. ఇంజనీరు జాన్ స్మీటన్ 1759లోనే గాలిమరల లెక్కలు కట్టాడు. కుర్రతనంలో మన మద్రాసుకు కంపెనీ గుమాస్తాగా వచ్చి, ఆ తర్వాత ఇంగ్లండ్ నేవీ పటాల శాఖకు తొలి అధిపతి అయిన అలెగ్జాండర్ డాల్రింపుల్ ఆ లెక్కను సముద్రం పనికి వాడాలని చూశాడు. బ్యూఫోర్ట్ దాన్ని డెక్కు మీద నిలబడి రోజూ రాయదగ్గదిగా మార్చాడు. రోజూ రాశాడు కూడా. అదే అసలు సంగతి.

మా మొదటి కెప్టెన్ సంగతి చెప్పాలి. నైరుతి రుతుపవనాల నెలల్లో అరేబియా సముద్రం, అర్ధరాత్రి వాచ్ డ్యూటీ, నేను క్యాడెట్‌ని. మాస్ట్ మీద గాలివేగం కొలిచే అనిమోమీటరు పాడైంది. లాగ్‌లో, అంటే ఓడ దినచర్య పుస్తకంలో, గాలి దగ్గర ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ఆయన నన్ను భుజం పట్టుకుని బ్రిడ్జి రెక్క మీదికి లాక్కెళ్లి, "అది పాడైతే నీ కళ్లు కూడా పాడయ్యాయా? చూసి చెప్పు" అన్నాడు. చీకటి అలవాటయ్యాక కనబడింది. కెరటాల నెత్తిన విరిగిన నురుగు, గాలి పోయే దిక్కుగా చారలు చారలుగా సాగుతోంది. "చారలు మొదలయ్యాయంటే?" అన్నాడు. ఏడు అన్నాను. "రాయి. రాశాక మళ్లీ బయటికి వచ్చి చూడు, మారితే అదీ రాయి." అంతే, లోపలికి వెళ్లి పడుకున్నాడు. ఇప్పుడు తెరచాపలు లేవు కాబట్టి ఆ అంకెల్ని మనం సముద్రం ముఖం చూసి చదువుతున్నాం. పద్ధతి మాత్రం బ్యూఫోర్ట్‌దే.

బ్యూఫోర్ట్ 1829లో నేవీ పటాల శాఖకు అధిపతి అయ్యాడు. 1855 దాకా, ఎనభై ఏళ్లు దాటేదాకా, ఆ కుర్చీలోనే ఉన్నాడు. బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ తోడుగా ఒక ప్రకృతి శాస్త్రజ్ఞుడు కావాలని అడిగితే కేంబ్రిడ్జ్‌లోని మిత్రులకు కబురు పంపినవాడు ఈయనే. ఆ కబురు తిరిగి తిరిగి డార్విన్ అనే కుర్రాడికి చేరింది. 1831లో బయల్దేరిన ఆ ఓడ మీదే ఈ స్కేలును అధికారికంగా మొదటిసారి వాడారు. 1838లో నేవీ ఓడలన్నిటికీ తప్పనిసరి చేశారు. డైరీలో పుట్టిన పద్ధతి ఆర్డరు కావడానికి 32 ఏళ్లు పట్టింది. మీరేమో పోస్టు పెట్టిన ఐదు నిమిషాలకి లైకులు లెక్కపెడతారు.

మన తీరంవాళ్లకి ఆయన తుపాను వచ్చినప్పుడల్లా వినబడుతూనే ఉంటాడు. బంగాళాఖాతంలో వాయుగుండం తుపానుగా మారిందని టీవీలో చెబుతారే, ఆ గీత 34 నాట్ల దగ్గర ఉంటుంది. బ్యూఫోర్ట్ లెక్కలో 8 మొదలయ్యేది సరిగ్గా అక్కడే. తీవ్ర తుపాను 48 నాట్లు, అది 10. అతి తీవ్ర తుపాను 64, అది 12. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు మీరంతా బడిపిల్లలు. ఆ పూట గాలి ఆయన స్కేలు ఆఖరి మెట్టు దాటి ఎక్కడికో పోయింది.

ఇక నా గొడవ. ఓడ దిగాక కొన్నేళ్లు నేను షిప్పింగ్ తగాదాల్లో సాంకేతిక సలహాదారుగా కూర్చున్నాను. ఓడను అద్దెకిచ్చేటప్పుడు ఒప్పందంలో ఇంత వేగం ఇస్తాం అని రాస్తారు. దానికి షరతు ఉంటుంది, మంచి వాతావరణంలో మాత్రమే అని. మంచి వాతావరణం అంటే మామూలుగా బ్యూఫోర్ట్ ఫోర్స్ 4 దాకా. అంటే లాగ్‌లో 4 రాస్తే నెమ్మదిగా పోయినందుకు ఓడవాళ్లు డబ్బు కట్టాలి, 5 రాస్తే కట్టక్కర్లేదు. ఆ మహానుభావుడి అంకెల మధ్య గీత మీద ఇవాళ డాలర్లు నడుస్తున్నాయి.

ఒక కేసులో లాగ్ తెరిచాను. ఏప్రిల్ నెల, హిందూ మహాసముద్రం అద్దంలా ఉండే రోజులు. పుస్తకంలో మాత్రం వారమంతా ఫోర్స్ 6. నలుగురు ఆఫీసర్ల వాచ్‌లు, ఒకే సిరా, ఒకే వాలు. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క టీ మరక లేదు. నిజంగా సముద్రం మీద తిరిగిన పుస్తకం అంత శుభ్రంగా ఉండదు. పక్కన డెక్కు పనివాళ్ల మేస్త్రీ అయిన బోసన్ పనుల పుస్తకం కూడా తెప్పించాను. అదే వారంలో, అదే తారీకుల్లో, ఓడ ముక్కు మీద ఫోక్సిల్ రెయిలింగులకు రెండు కోట్లు రంగు వేశారట! ఫోర్స్ 6లో ముక్కు మీద నిలబడితే రంగు రెయిలింగుకి కాదు, మనిషికి పడుతుంది. ఉప్పునీళ్లతో కలిపి. వాంగ్మూలం ఇచ్చిన సెకండ్ మేట్ మన జిల్లా కుర్రాడే. "బాబూ, రంగు బాగా పట్టిందా?" అని అడిగాను. తల దించుకున్నాడు. "రాయమన్నారు సార్" అన్నాడు. రాయమన్నవాడు ఆ గదిలో లేడు. సంతకం మాత్రం ఈ కుర్రాడిది.

విశ్రాంతి గంటల పట్టికలు ఇంకా ఘోరం. రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలన్నది అంతర్జాతీయ నియమం. రేవులో పగలూ రాత్రీ సరుకు దిగుతున్న రోజున కూడా పట్టికలో పది గంటలు చక్కగా నిండి ఉంటాయి. నిద్రలేక కళ్లు మూతపడుతున్నవాడే "నేను హాయిగా నిద్రపోయాను" అని రాసి సంతకం పెడతాడు. ఒరేయ్ నాయనా, అమ్మా, నీ నిద్రను నువ్వే దొంగిలించి నువ్వే సంతకం పెడితే నిన్ను కాపాడే నాథుడెవడు? రేపు ఓడ ఒడ్డుకు ఎక్కితే విచారణలో మొదట తెరిచేది నీ పట్టికే. బాగా నిద్రపోయినవాడు ఎందుకు చూసుకోలేదు అని అడుగుతారు. అప్పుడేం చెబుతావు? ఇంజన్ రూమ్ వాళ్లు నవ్వకండి, మీ నూనె రికార్డు పుస్తకాల సంగతి నాకు తెలుసు. తప్పు రాస్తే ఒక గీత గీసి పక్కన ఇనీషియల్ పెట్టడం ఏమంత కష్టం? ఆ గీత పరువు తక్కువ అనుకుంటున్నారు. నేను విచారణల్లో కూర్చున్నప్పుడు నమ్మింది ఆ గీతలున్న పుస్తకాల్నే.

పాత లాగ్‌లను ఎవరు చదువుతారు అనుకోకండి. 1750 నుంచి 1850 దాకా తిరిగిన ఇంగ్లిష్, డచ్, స్పానిష్, ఫ్రెంచ్ ఓడల లాగ్ పుస్తకాలు దుమ్ము దులిపి, ఆనాటి మహాసముద్రాల వాతావరణం తెలుసుకోవడానికి ఐరోపా శాస్త్రజ్ఞులు ఈ శతాబ్దం మొదట్లో ఒక పెద్ద పట్టిక తయారుచేశారు. పాతవాళ్లు తోచిన మాటల్లో రాసిన గాలులన్నిటినీ బ్యూఫోర్ట్ అంకెల్లోకి మార్చుకోవాల్సి వచ్చింది. జలుబు చేసి చలిలో వణుకుతూ ఎవడో అనామక మేట్ రాసిన నాలుగు ముక్కలు ఇవాళ భూగోళం ఎంత వేడెక్కిందో తేల్చే లెక్కల్లో పనికొస్తున్నాయి. వాడు లేనిది వండి రాసి ఉంటే?

బ్యూఫోర్ట్ సొంత కాగితాలు, ఉత్తరాలు, డైరీలు చాలావరకు కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి. వాతావరణం డైరీలు బ్రిటిష్ వాతావరణ శాఖ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ సొంత డైరీల్లో కొన్ని పేజీలు మామూలు అక్షరాల్లో ఉండవు, రహస్య లిపిలో రాసుకున్నాడు. 1834లో భార్య పోయాక ఇంట్లో జరిగిన తప్పులు, కుమిలిపోవడాలు, దేవుడికి మొర. ఆయన జీవితచరిత్ర రాసిన ఆల్ఫ్రెడ్ ఫ్రెండ్లీ అనే పాత్రికేయుడు ఆ లిపి విప్పించి 1977లో పుస్తకం వేశాడు. పరాయివాడి గుండె తలుపు అలా తీయొచ్చా అన్నది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కానీ ఒకటి చూడండి. గాలి గురించి ఎవరైనా చదవగలిగేలా రాసిన మనిషి, తన గురించి ఎవరూ చదవలేనట్టు రాసుకున్నాడు. అయినా అబద్ధం రాసుకోలేదు, చింపలేదు. అరవై ఏళ్లకు పైబడిన ఉద్యోగంలో సర్ బిరుదు, ఆర్కిటిక్‌లో తన పేరున ఒక సముద్రం, ఇవన్నీ వచ్చిన పెద్దమనిషి పెట్టెలో ఆ పేజీలు ఆయన 1857లో పోయేదాకా అలాగే ఉన్నాయి. నాకు బిరుదులకన్నా ఆ పెట్టె మీదే గురి.

మీ ఫోన్లలో నలభై వేల ఫొటోలుంటాయి. ఏది ఎక్కడ తీశారో మీకే తెలియదు. మెసేజ్‌లేమో వారానికి వాటంతటవే మాయమయ్యేలా పెట్టుకున్నారు, అదో గొప్ప సౌకర్యమట. నాలుగు రూపాయలో నలభై రూపాయలో పెట్టి ఒక నోటుపుస్తకం కొనండి. కంపెనీ లాగ్ వేరు, ఇది మీది. ఇందులో ఫోర్స్ 3 అయితే 3 అనే రాయండి, ఎవరూ డాలర్లు అడగరు. ఓడలో భోజనం బాగాలేదని రాయండి, చీఫ్ ఆఫీసరు తిట్టాడని రాయండి, మొదటిసారి డాల్ఫిన్లు చూశానని రాయండి. అమ్మకి ఫోన్‌లో "బానే ఉన్నా" తప్ప ఇంకో మాట చెప్పరు కదా, ఆ దాచిందంతా అక్కడ పెట్టండి.

వెనక వరసలో ఒకాయన వాచీ చూపిస్తున్నారు, భోజనాలు చల్లారుతున్నాయట. ఒక్క మాట చెప్పి దిగిపోతాను. ఈ హాలు గుమ్మం దాటకముందే పట్టా విప్పి మీ పేరు చదువుకోండి. ఇంటిపేరు పూర్తిగా ఉందా, ఒక్క అక్షరంతో సరిపెట్టారా, పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఉందా, నావికుడి గుర్తింపు పుస్తకం సీడీసీలో ఎలా ఉందో అలాగే ఉందా చూడండి. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లతో ప్రపంచంలో ఇబ్బంది పడని ఇమ్మిగ్రేషన్ కౌంటర్ లేదు. తేడా ఉంటే రిజిస్ట్రారుగారు ఇదిగో ఇక్కడే కూర్చున్నారు, ఇవాళ అడిగితే నవ్వుతూ సరిచేస్తారు. రేపు అడిగితే అఫిడవిట్ తెమ్మంటారు.