చెరసాల గోడమీది పద్యము
(రాజోలిలో చేసిన ఉపన్యాసము)



1948వ సంవత్సరమున నిజామాబాదు కోటలోని చెరసాలలో దాశరథి కృష్ణమాచార్యులు ఖైదీగా నుండెను. అప్పటి కాయనకు 22 ఏండ్లు. హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరవలెనని ప్రజలు పోరాడుచుండిరి. సెప్టెంబరు 13న భారత సైన్యము సరిహద్దు దాటెను. 17న నిజాము లొంగిపోయెను. అది సైనికుల చెర యని చట్టరీత్యా నేను వాదింపజాలను. కాని చుట్టును కోటగోడ, గోడ వెలుపల ఆయుధములు పట్టిన రజాకారులు ఉండగా, లోపలివానికి ఆ భేదముతో పనియేమి?

కలము లేదు, కాగితము లేదు. పండ్లు తోముకొను బొగ్గు మాత్రము గలదు. ఆ బొగ్గుతో నాయన గోడలపై పద్యములు వ్రాసెను. అధికారులు చెరిపించిరి. ఆయన మరల వ్రాసెను. అప్పటికే అవి తోడి ఖైదీల నోళ్లలో పడినవి. వారిలో ముఖ్యుడు వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన బడిచదువు లేక యెదిగినవాడు. మన జిల్లావారైన సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రికలో అచ్చుచిత్తులు దిద్దినవాడు. 1949లో వెలువడిన "అగ్నిధార"ను దాశరథి ఆయనకే అంకిత మిచ్చెను.

పద్యము సంకెల యని నేటి యువకులు కొందరందురు. కాగితము నిండుగా దొరకువారి మాట అది! కాగితము లేనిచోట యతిప్రాసలే పెట్టెకు తాళములు. ఒక్క మాట జారినచో గణము కుంటును, యతి తప్పును. పోయిన మాట యెక్కడిదో ఛందస్సే చూపును. మగ్గముపై పడుగుపోగు తెగినచో చేతికి వెంటనే తెలియునని ఈ యూరి నేతగాండ్రకు నేను చెప్పనక్కరలేదు. 1945లో యుద్ధరంగముననే పట్టుబడిన రష్యా ఫిరంగిదళపు అధికారి సోల్జెనిత్సిన్ సైతము, నిర్బంధ శిబిరమున తన పంక్తులను జపమాల పూసలపై లెక్కించుకొని గుర్తుంచుకొనెను. వినికిడి సాక్ష్యమును మా కోర్టులు సామాన్యముగా నంగీకరింపవు. కవిత్వమును నిలిపినది మాత్రము అదియే.

ఇంకొక మాట. దాశరథి రాజును ధిక్కరించెను గాని, ఆ రాజ్యమున అధికారభాషయైన ఉర్దూను ద్వేషింపలేదు. 1961లో గాలిబును తెలుగు చేసెను. చెరనుండి వచ్చినవానికి ఇంత విశాలహృదయము సులభముగా నబ్బదు. నాకు ఆయన పద్యములకన్న నిదియే గొప్పగా తోచుచున్నది.

ఇక మన సంగతి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఈ యూరిని ముంచినప్పుడు ఇండ్లలోని కాగితము లేమైనవో మీకే తెలియును. ఏటి ఆవలి కర్నూలు మదరాసు రాష్ట్రములో నుండిన ఆ దినములను ఎరిగినవారు వేళ్లపై లెక్కింపదగినంతమందియే మిగిలిరి. వారి నోట నిలిచిన పాట గాని పద్యము గాని ఏ పెట్టెలోను లేదు. కావున చదువు నేర్చిన యువకులు ఇద్దరిద్దరుగా బయలుదేరి, వృద్ధుల యొద్ద కూర్చుండి, విన్నది విన్నట్లు వ్రాసికొనవలెను. దిద్దవలదు. ఛందస్సు తప్పినచో తప్పినట్లే యుంచుడు. "అగ్నిధార" ప్రతి నొకటి నేను తెచ్చితిని; ఈ బల్లపై నుంచుచున్నాను. ఎవరైన నొకరు లేచి గట్టిగా చదువుదురు గాక.