కొల్లేరు ఎవరిది?



వరద తీస్తే మన గోదారి లంకలు తేల్తాయి. ఆ నేల ఎవడిదనే తగువు కోనసీమకు కొత్త కాదు. కొల్లేటి కథా అదే.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లం అది. వానాకాలం బుడమేరు, తమ్మిలేరు నింపుతాయి. ఉప్పుటేరు ఆ నీళ్లను సముద్రానికి లాగుతుంది. ఎండల్లో నేల బయటపడుతుంది. నీళ్లమీద వడ్డి కులస్తులు బతికారు, నేలమీద కూలోళ్లు.

1970ల్లో సొసైటీల పేర మత్స్యకారులకు, దళితులకు చెరువులిచ్చారు. కాగితంలో పేరు మనది, గట్టుమీద పెత్తనం పెట్టుబడి పెట్టినోడిది. 1999లో ఐదో కాంటూరుదాకా అభయారణ్యమన్నారు. 2006లో గట్లు కొట్టేశారు. డబ్బున్నోడు ఇంకోచోట చెరువు తవ్వుకున్నాడు. పోయింది మన కూలి.

కొల్లేరు బతకాలి, పక్షీ బతకాలి, పేదోడూ బతకాలి. చదవని కాగితం మీద వేలిముద్ర వెయ్యకండి!