రక్తంలో పులుపు



కడుపులో మంట వేరు, రక్తంలో ఆమ్లం పెరగడం వేరు. దీనికి సోడా తాగి ఊరుకుంటే ప్రాణం మీదికొస్తుంది. రక్తం పి.హెచ్. 7.35, 7.45 మధ్య ఉండాలి. షుగరు రోగికి ఇన్సులిన్ చాలకపోతే కొవ్వు కరిగి కీటోన్ ఆమ్లాలు చేరతాయి. రక్తపోటు పడిపోయి ఒంటికి ప్రాణవాయువు అందకుంటే లాక్టిక్ ఆమ్లం. మూత్రపిండాలు చెడితే గంధక, భాస్వర ఆమ్లాలు బయటకు పోవు. మూడింటిలోనూ రోగి లోతుగా ఊపిరి తీస్తాడు. ఏ ఆమ్లమో తేల్చేది రక్తపరీక్షే. బడిలో మేము చూపించే లిట్మస్ కాగితం పని కాదిది.

మన ఇళ్లలో జ్వరమొచ్చి అన్నం తినలేదని ఇన్సులిన్ సూది మానేస్తాం. సరిగ్గా అప్పుడే కీటోన్లు పెరుగుతాయి. సూది మానకండి, మోతాదు డాక్టరునడగండి. వాంతులు, ఆయాసం, ఊపిరిలో పండ్ల వాసన ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.