ఆటను నిర్మించువారు, ఆడువారు

అష్టాచెమ్మ గళ్లు గీయని అరుగు మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములందు ఒకప్పుడు అరుదు. సుద్దముక్కతోనో బొగ్గుతోనో అడ్డము ఐదు, నిలువు ఐదు గళ్లు గీసి, నాలుగు గవ్వలు చేతబట్టిన చాలును. గవ్వలు దొరకనిచో చింతగింజలను ఒకవైపు అరగదీసికొనెడివారు. నాలుగును వెల్లకిల పడిన చెమ్మ, నాలుగును బోర్ల పడిన అష్ట. ఇంతవరకు ఎవరికిని భేదాభిప్రాయము లేదు. అటుపైన ఇంటింటికి ఒక శాసనము. ఎదుటివాని కాయ నొకదానినైనను చంపనిదే లోపలి గళ్లలోనికి పోరాదని ఒక ఇంట. అట్టి నిర్బంధ మేమియు లేదని పొరుగింట. కావుననే గవ్వలు వేయకముందే అవ్వ అడిగెడిది: "చంపుడు ఉన్నదా, లేదా? ముందే చెప్పుండ్రి."

ఈ ఆటకు కర్త పేరు లేదు. ఆడువారే దానిని కాపాడినారు. తగవు వచ్చినచో తీర్చుటకు పెద్దదిక్కు పక్కనే ఉండెడిది. పసివాడు వరుసగా ఓడి ఏడ్చుచున్నచో వానికొక పందెము ఎక్కువ వేయనిచ్చు దయయు అక్కడనే ఉండెడిది. నియమము మారవలసినచో కూర్చున్న నలుగురును ఒప్పుకొనిన పిమ్మటనే మారెడిది.

నేడు మన పిల్లలు ఆడు ఆటలలో పెక్కింటికి కర్తలు కలరు. వారు ఏ దూరనగరముననో కూర్చుండి సెల్‌ఫోనునకు, కంప్యూటరునకు ఆటలను నిర్మించుచున్నారు. గేమ్ డెవలపర్లని వారిని పిలుచుచున్నాము. నియమము వారిదే, తీర్పు వారిదే. రాత్రి నిద్రించి లేచునప్పటికి ఆట మారిపోయి ఉండవచ్చును. ఇంతటి అధికారము చేతనున్నవారు ఆడువారితో ఎట్టి సంబంధము ఉంచుకొనవలెనన్నది ఈనాటి మా ప్రసంగ విషయము. డబ్బు ఒడ్డి ఆడు జూదములను గూర్చి మేము మాటాడుట లేదు. అంతర్జాలములో డబ్బు పెట్టి ఆడు రమ్మీని తెలంగాణ రాష్ట్రము 2017లోనే నిషేధించినది. అట్టివానిని నడుపువారికి ఆడువారిపై గల శ్రద్ధ వేరు విధమైనది!

నిర్మలు బొమ్మలను ఒకమారు తలచుకొందము. పొనికి కర్ర తేలికైనది, మెత్తనిది. విడివిడిగా చెక్కిన తలను, కాళ్లను చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికించి, తెల్లమట్టి పూసి, ఆరిన పిదప రంగు వేయుదురు. 1955లో ఈ పనివారికి సహకార సంఘము ఏర్పడినది. తన వాకిట బొమ్మను అమ్ముకొను పనివాడు, దానిని చేతికి తీసికొనిన బిడ్డ ముఖమును చూడగలడు. "నోట పెట్టుకొనిన రంగు పోవునా?" అని తల్లి అడిగిన ప్రశ్నను వినగలడు. అదే బొమ్మ బేరగాని ద్వారా దూరపు అంగడికి చేరిన పిదప తిరిగి ఒక మాటయైనను అతనికి రాదు. చిలుక ముక్కు విరిగినదో, ఏనుగు నచ్చినదో అతనికి తెలియదు. దూరము అతని తప్పు కాదు.

సెల్‌ఫోను ఆటను నిర్మించువానికి ఈ సాకు లేదు. జన్నారములో ఆడు పిల్లవాని మాట రెప్పపాటులో అతనిని చేరగలదు. చేరిన మాటను చదువువారు ఉన్నారా అన్నదే ప్రశ్న.

స్వీడను దేశమున మార్కస్ పెర్సన్ అను ఆయన 2009లో "మైన్‌క్రాఫ్ట్" అను ఆటను పూర్తికాకముందే జనులకు ఇచ్చెను. దిమ్మెలు పేర్చి లోకములను కట్టుకొను ఆట అది. ఆడువారు చెప్పిన లోపములను వినుచు, దిద్దుచు, క్రొత్తవి చేర్చుచు, 2011 నవంబరులో పూర్తియైనదని ప్రకటించెను. ఆ రెండేండ్లు ఆడినవారు అది తమ కండ్లయెదుట పెరిగిన ఆట యని భావించిరి. చెప్పినదంతయు ఆయన చేసెనని కాదు, అది అసాధ్యము. నలుగురు నాలుగు విధముల కోరుదురు. బిగ్గరగా అరచువారు కొందరే, మౌనముగా ఆడువారు అనేకులు. కేకలు వేయువారిని మాత్రమే తృప్తిపరచు నిర్మాత ఆటను చెరచుకొనును.

ఇంగ్లండులో హలో గేమ్స్ అను చిన్న సంస్థ 2016 ఆగస్టులో "నో మ్యాన్స్ స్కై" అను ఆటను విడుదల చేసినది. లెక్కకందని గ్రహములపై సంచరించు ఆట. ముందుగా చెప్పిన వానిలో కొన్ని ఆటలో లేకపోవుటచే కొనినవారు మండిపడిరి. మాట తప్పుటకంటె పెద్ద దోషము తరువాత జరిగినదని మా అభిప్రాయము: ఆ సంస్థ ఇంచుమించు మూడు మాసములు మాటాడలేదు. వారు లోపల కూర్చుండి రేయింబవళ్లు ఆటను దిద్దుచుండిరి; కాని వెలుపలివారికి ఏమి తెలియును? తలుపు వేసికొనిన ఇల్లు పారిపోయినవాని ఇల్లువలెనే కనబడును. నవంబరు చివర మొదటి పెద్ద మార్పును ఉచితముగా ఇచ్చిరి. అటుపిమ్మట ఏటేట ఉచితముగానే చేర్చుచు వచ్చిరి. పోయిన గౌరవము తిరిగి వచ్చుటకు సంవత్సరములు పట్టినది. "తప్పు జరిగినది, దిద్దుచున్నాము" అను ఒక్క వాక్యము మొదటి వారముననే వ్రాసియున్నచో ఎంత తగవు తప్పెడిదో!

ఇంకొక వృత్తాంతము మాకు మిక్కిలి ప్రీతికరమైనది. అమెరికాలో ఇన్నర్‌స్లాత్ అను సంస్థకు చెందిన బహు కొద్దిమంది 2018లో "అమాంగ్ అస్" అను ఆటను విడుదల చేసిరి. రెండేండ్లు దానిని పట్టించుకొనినవారు తక్కువ. 2020లో కరోనా వ్యాధి వలన జనులు ఇండ్లలో ఉండిపోగా ఆ ఆట లోకమంతట వ్యాపించినది. ఆగస్టులో దాని రెండవ భాగమును ప్రకటించినవారు సెప్టెంబరులోనే ఆ సంకల్పమును మానుకొనిరి. ఇంతమంది మొదటి ఆటనే ప్రేమించుచున్నారు గనుక దానినే బాగుచేయుదుమనిరి. క్రొత్తది అమ్ముకొనిన లాభము వచ్చునని వారికి తెలియనిది కాదు.

మన దేశపు ఉదాహరణమును మరువరాదు. పచ్చీసు సంతతికి చెందిన లూడోను ముంబాయిలోని గేమ్‌షన్ సంస్థ 2016లో "లూడో కింగ్" అను పేర ఫోనునకు తెచ్చినది. 2020లో ఒకరితో ఒకరు మాటాడుకొనుచు ఆడు సౌకర్యమును చేర్చిరి. పాచికలాట యనగా పాచికలే కాదు, పక్కవానిని ఆటపట్టించుట కూడ. అది గ్రహించుటకు ఆడువారిని చూచియుండవలెను. అయితే మాట వచ్చినచోట దుర్భాషయు వచ్చును. అరుగుమీద పెద్దవారు చేసిన కాపలాను ఇక్కడ నిర్మాతయే చేయవలెను. తన ఇంటికి పిలిచినవాడు, తన ఇంట పసివానికి అవమానము జరిగిన చూచి ఊరకుండరాదు కదా.

మా ఇంటి ముచ్చట యొకటి చెప్పుదుము. మా మనుమనికి పండ్రెండేండ్లు. ఒక ఫోను ఆటలో ఎనిమిది నెలలు ఆడి సంపాదించుకొనినవన్నియు ఒకనాటి అప్‌డేటుతో మాయమైనవి. వాడు నిర్మాతలకు తెలుగులో ఒక లేఖ వ్రాసెను. ఏ దినమున ఏది పోయినదో వరుసగా, శ్రద్ధగా వ్రాసెను. బడిలో అంత శ్రద్ధ ఎన్నడును చూపలేదు. క్షణములో ఆంగ్లమున జవాబు వచ్చినది: మీ సందేశము అందినది, మీరు మాకు ముఖ్యులు. వాడు సంతోషించెను. మేము అనుమానించితిమి. పదునొకండు దినములు గడచినవి. "తాతా, ఆడ మనుషులే లేరు" అని వాడు ఆ ఆటను మానివేసెను. వాని లేఖలో వారు డబ్బిచ్చి పరిశీలకులను నియమించినను తెలియనంత సమాచారము ఉన్నది. చదివినవారు లేరు.

2020లో కరీంనగరులో ఐ.టి. టవరు వెలసినది. 2008 నుండి బాసరలో రాజీవ్ గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయము ఉన్నది. మన బిడ్డలును ఆటలు నిర్మించు దినము దూరమున లేదు. వారికి మేము చెప్పదలచినది పెద్ద శాస్త్రము కాదు. వారమున కొక పూట మీరు కూడ ఆడుడు, మీ పేరు దాచుకొని. తెలుగున వచ్చిన లేఖకు తెలుగుననే బదులిండు. నియమము మార్చదలచిన, గవ్వలు వేయకముందే అవ్వ అడిగినట్లు, ముందుగా చెప్పుడు. చేయలేనిదానిని చేయలేమని చెప్పుడు. కోపించినవాడు తిరిగివచ్చును, బదులు రానివాడు రాడు. ఆటను మూసివేయవలసి వచ్చినను నెలల ముందే తెలుపుడు.

మనుమని లేఖను మేమే ఆంగ్లములోనికి మార్చి మరల పంపితిమి. తొమ్మిదవ దినమున రెండు వాక్యముల జవాబు వచ్చినది. ఈమారు క్రింద ఒక మనిషి పేరు ఉన్నది. పోయినవి తిరిగి రావనియు, పొరపాటు తమదేననియు వ్రాసినారు. వాడు దానిని రెండుమారులు చదివించుకొనెను. ఆ రాత్రి భోజనమైన పిదప ఆ ఆటను మరల తెరచి, మొదటి మెట్టునుండి ఆడ మొదలిడెను.