గొఱ్ఱె అను మాట



రజతోత్సవ సభలో గొఱ్ఱెను గూర్చి ప్రసంగమేమని కొందఱు నవ్వవచ్చును. గొఱ్ఱె యనగా మనకు చులకన. ఆలోచన లేక ఒకరి వెంట ఒకరు పోవుటను గొఱ్ఱెదాటు అందుము. గొఱ్ఱె కసాయివానినే నమ్మునని సామెత చెప్పుదుము. ఆ చులకన మాటకును అంటినది. గొఱ్ఱె అనుట మోటు, మేషము అనుట గౌరవమని మనలో నొక భ్రమ కలదు.

మందను కాచువారి నడుగుడు. వారికి గొఱ్ఱె యనగా ఆడది, మగది పొట్టేలు. తక్కినవారు రెంటిని కలిపి గొఱ్ఱెలందురు. ఆడుదాని పేరే జాతికంతకును పేరైనది. ఇందు వింత లేదు. మందకు పొట్టేళ్లు కొలదిగా నున్నను చాలును. ఈని మందను పెంచునది గొఱ్ఱెయే.

ఇక మాట పుట్టుక. సంస్కృతమున ఆడుదానిని మేషి యందురు. అవి యనియు నొక పేరు కలదు. ఈ 'అవి' లాటిను భాషలోని ఓవిస్, ఇంగ్లీషులోని యూ అను మాటలకు తోబుట్టువు. మన గొఱ్ఱె ఆ యింటిది కాదు. దీనికి గొఱియ యని మఱియొక రూపము కలదు. కన్నడమున కుఱి, తమిళమున కొఱి దీని చుట్టములు. వారి కకారము మనకు గకారమైనది. గుఱ్ఱమును చూడుడు: కన్నడమున కుదురె, తమిళమున కుదిరై. ఈ భాషలు ఒక కుటుంబమువని 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దొర, క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసమున నిరూపించెను. మాటలోని బండి ఱయు దీనికి సాక్షియే. సంస్కృతమున ఆ అక్షరము లేదు.

అయితే ధ్వని పోలికను మాత్రము చూచి చుట్టఱికము కలుపరాదు. సంస్కృతపు 'అవి'కిని, మనము ఇవి, అవి యనుటకును సంబంధము లేదు. అర్థము కలిసి, అక్షరముల మార్పు ఇతరపదములందును అట్లే కనబడినప్పుడే నమ్మదగును.

2019 పశుగణనమున గొఱ్ఱెల సంఖ్యలో తెలంగాణము దేశమున మొదటిది, ఆంధ్రప్రదేశము రెండవది. గొఱ్ఱెలకు కొఱత లేదు. కాని వాని రంగునకు, ఈడునకు, చెవి తీరునకు, రోగమునకు మన కాపరులు వాడు పేర్లలో ఎన్ని నిఘంటువుల కెక్కినవి? బడికి పోవు వారి పిల్లలకు వానిలో ఎన్ని తెలియును? ఆ వృద్ధులతో అవియు పోవును.

కావున నాదొక మనవి. ఈ గ్రంథాలయమున ఒక నోటుపుస్తకము తెఱువుడు. కాపరులను పిలిచి కూర్చుండబెట్టి, వారు పలికినది పలికినట్లు, దిద్దక వ్రాసికొనుడు. 25 ఏండ్లుగా ఊరికి పుస్తకములను తెచ్చితిమి. ఇకమీద ఊరి మాటలను పుస్తకమున కెక్కింతము.

సెలవు.